కుట్లు – అల్లికలు: తీరిక వేళ పని, పని వెనుక విలువ



"తీరిక వేళల్లో ఏం చేస్తారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే మనలో చాలామంది తడబడతాం. బయోడేటాలో "అభిరుచులు" అన్న చోట అందరం ఒకటే రాస్తాం: పుస్తక పఠనం, క్రికెట్, పాటలు వినడం. తీరిక అన్న మాట మన ఇళ్ళలో ఎక్కువగా వినపడదు. పని దొరికిన రోజు పని, దొరకని రోజు దిగులు. డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మనలో చాలామందిది. పాఠాలు చెప్పడానికి మాస్టార్లున్నారు గానీ, ఖాళీగా ఉన్న గంటను ఎలా గడపాలో చెప్పినవాళ్ళు లేరు. అందుకే ఆ గంట పరీక్షల భయానికో, సెల్‌ఫోన్‌కో పోతోంది.

ఈ వ్యాసంలో ఆ గంటకు పనికొచ్చే ఒక అలవాటు గురించి తెలుసుకుందాం. దానికి మైదానం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ట్రంకుపెట్టెలో ఒక మూల చాలు. అదే కుట్లు, అల్లికలు. అయితే దీన్ని సరదా పనిగా మాత్రమే చూసి వదిలేయకూడదు. ఇదే పనితో పూట గడుపుకొనే ఆడవాళ్ళు మన రాష్ట్రాల్లో వేలమంది ఉన్నారు. ఆ సంగతి కూడా కలిపి తెలుసుకుంటేనే పాఠం పూర్తవుతుంది.

1. కుట్టు వేరు, అల్లిక వేరు

మన వాడుకలో రెండు మాటలూ జంటగా వస్తాయి గానీ, పని తీరు వేరు. ఉన్న గుడ్డ మీద సూదీ దారంతో చేసేది కుట్టు. ఊడిన గుండీ కుట్టుకోవడం, చిరిగిన చోట మాసిక వేయడం, రుమాలు మీద పువ్వు కుట్టడం అన్నీ ఇందులోకే వస్తాయి. గొలుసు కుట్టు, కాడ కుట్టు, కాజా కుట్టు అన్నవి దీనిలో మొదట నేర్చుకొనేవి.

అల్లికలో ముందుగా గుడ్డ ఉండదు. దారమే గుడ్డగా మారుతుంది. ఇందులో మళ్ళీ రెండు రకాలు. రెండు పొడుగాటి సూదులతో చేసేది నిట్టింగ్. వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదే ఉంటాయి. ఒక సూది నుంచి ఇంకో సూదికి మారుతూ వరుస పెరుగుతుంది. సూది జారితే ఉచ్చులు విడిపోతాయి. స్వెట్టర్లు, మఫ్లర్లు అల్లేది ఇలాగే. రెండోది క్రోషే. కొసన చిన్న కొక్కెం ఉన్న ఒకే సూదితో చేస్తారు. క్రోషే అనే ఫ్రెంచి మాటకు అర్థమే చిన్న కొక్కెం. మామూలు క్రోషేలో ఒక కుట్టు పూర్తయ్యాక సూది మీద ఒక్క ఉచ్చే మిగులుతుంది. కాబట్టి మధ్యలో గంట కొట్టినా, ఎవరైనా పిలిచినా ఆపి వెళ్ళిపోవచ్చు. హాస్టల్ జీవితానికి ఇది బాగా సరిపోతుంది. మన గోదావరి జిల్లాల్లో లేసు అల్లకం అంటే ఈ క్రోషేనే.

2. యంత్రం చేసిన మేలు

మనం రోజూ వేసుకొనే బనియనుగానీ టీషర్టుగానీ చేతిలోకి తీసుకొని వెలుతురులో దగ్గరగా చూడండి. మగ్గం మీద నేసిన గుడ్డలో ఉండే పడుగూ పేకా అందులో కనపడవు. చిన్న చిన్న ఉచ్చులు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. అది కూడా నిట్టింగే, కాకపోతే యంత్రం అల్లింది. ఇంగ్లండులో 1589లో విలియం లీ అనే అతను మేజోళ్ళు అల్లే యంత్రాన్ని తయారుచేశాడు. ఆ దారిలోనే వచ్చిన యంత్రాలు ఈ రోజు తమిళనాడులోని తిరుప్పూరులో బనియన్ల గుడ్డను అల్లుతున్నాయి.

ఇక్కడ డాక్టర్ అంబేద్కర్ చెప్పిన మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. 1945లో వచ్చిన కాంగ్రెస్, గాంధీల మీది పుస్తకంలో ఆయన యంత్రాల గురించి చర్చించారు. జంతువు బతకడంతో తృప్తి పడుతుంది, మనిషికి సంస్కృతి కావాలి; సంస్కృతి అందరికీ అందాలంటే తీరిక కావాలి; తీరిక రావాలంటే యంత్రాలు మనిషి శ్రమను తగ్గించాలి. స్థూలంగా ఆయన వాదన అది. తీరిక అన్నది కలిగినవాళ్ళ సొత్తుగా ఉండిపోకూడదని ఆయన ఉద్దేశం. ఆయన ఫోటో గోడ మీద పెట్టుకున్న మనం ఈ మాటను కూడా మనసులో పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట మనకు నచ్చిన పని చేసుకోవడం సోమరితనం ఎంతమాత్రం కాదు.

నిట్టింగ్‌లో ఆయన అన్నది కళ్ళకు కనపడుతుంది. బనియన్లూ మేజోళ్ళూ అల్లే భారం యంత్రం మీదికి పోయింది. చేత్తో అల్లేవాళ్ళలో చాలామందికి ఇప్పుడు అది ఇష్టంతో చేసే పని అయింది. కానీ క్రోషే కథ వేరు. చేతి క్రోషే కుట్టును అచ్చంగా అలాగే వేసే యంత్రం నేటికీ మార్కెట్లో లేదు. దుకాణంలో అసలైన క్రోషే లేసు కనపడిందంటే దాని వెనుక ఎవరో ఒక మనిషి చేతులు ఉన్నాయన్నమాట.

3. నరసాపురం లేసు చెప్పే పాఠం

ఆ చేతులు ఎక్కడివో చూద్దాం. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో క్రోషే లేసు పని తరతరాలుగా ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ పనిని ఇక్కడి ఆడవాళ్ళకు నేర్పారు. ఆ శతాబ్దం నడుమన ఐర్లాండులో బంగాళదుంప పంట తెగులుతో పోయి ఘోరమైన కరువు వచ్చినప్పుడు, అక్కడి ఆడపిల్లలకు కూడా క్రోషే నేర్పి ఆ లేసు అమ్మి కుటుంబాలను నిలబెట్టారు. ఆకలి ఉన్న చోట కొక్కెం సూది కూడుపెట్టే సాధనమైంది.

నరసాపురం లేసు విదేశాలకు ఎగుమతి అవుతుంది. పని నడిచే పద్ధతి ఇదీ: వ్యాపారి మనిషి దారం తెచ్చి ఇళ్ళకు ఇస్తాడు. ఆడవాళ్ళు వంటా ఇంటిపనీ ముగించుకొని అల్లుతారు. ఒకరు పూలు అల్లితే మరొకరు వాటిని అతికి పెద్ద గుడ్డగా చేస్తారు. కూలి గంటల లెక్కన రాదు, అల్లిన పనిని బట్టి వస్తుంది.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఊళ్ళకు వచ్చి ఆడవాళ్ళతో మాట్లాడి ఒక పుస్తకం రాశారు. 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అన్న ఆ పుస్తకం 1982లో అచ్చయింది. అందులో ఆమె చూపించిన విషయం మనందరం చదవాల్సింది. ఈ ఆడవాళ్ళు రోజుకు చాలా గంటలు అల్లేవారు. వచ్చేది మాత్రం కనీస వేతనంలో కొద్ది భాగమే. ఎందుకలా? వాళ్ళను కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. "గృహిణులు, ఇంట్లో కూర్చొని తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు" అన్నారు. తీరిక పని అన్న పేరు పెట్టాక, దానికి సరైన కూలి ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? లాభం వ్యాపారులకు చేరింది, పేరు ఎగుమతికి వచ్చింది. కళ్ళనొప్పులు అల్లినవాళ్ళకు మిగిలాయి.

ఆ తర్వాత కాలం కొంత మారింది. నరసాపురం దగ్గర రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ పేరు పెట్టి మరొక చోటి సరుకు అమ్మకూడదు. ఇది సంతోషించదగ్గ విషయమే. అయితే పేరుకు దక్కిన రక్షణ కూలికి కూడా దక్కాలి. సరుకు మీద ముద్ర పడినంత మాత్రాన అల్లిన చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని చెప్పలేం.

దీని పక్కనే లంబాడీ తండాల కుట్టుపనిని పెట్టి చూడండి. అద్దాలు, గవ్వలు, రంగురంగుల దారాలతో మన బంజారా అక్కచెల్లెళ్ళ అమ్మమ్మలు తమ లంగాలూ రవికెలూ తామే కుట్టుకొనేవారు. ఎంత వేగంగా కుట్టాలో, ఏ రంగు వెయ్యాలో చెప్పే ఏజెంటు లేడు. కుట్టినదాన్ని వాళ్ళే కట్టుకొన్నారు, పండక్కీ పెళ్ళికీ కట్టుకొని ఆడారు. ఆ పనిలోనూ కష్టం ఉంది, కానీ సంతోషం కూడా వాళ్ళదే. ఇప్పుడు అలాంటి కుట్టుపని దుకాణాల్లో ఖరీదైన సంచుల మీదా దిండ్ల మీదా కనపడుతోంది. అప్పుడు మనం అడగాల్సింది ఒకటే: కుట్టినవాళ్ళకు ఎంత ముట్టింది?

4. ఇది ఆడపిల్లల పనేనా?

బాలుర హాస్టల్లో సూది పట్టుకొంటే వెక్కిరిస్తారని తమ్ముళ్ళు అనుకోవచ్చు. ఒక్కసారి మన ఊళ్ళనే గుర్తుతెచ్చుకోండి. నులక మంచం అల్లేది ఎక్కువగా మగవాళ్ళే. సముద్రం ఒడ్డున వలలు అల్లేదీ, తెగిన చోట బాగుచేసేదీ మత్స్యకార సోదరులే. ఊళ్ళో టైలరు మగవాడే. వీటిని చూసి ఎవరూ నవ్వలేదు. నవ్వంతా ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని మీదే.

దక్షిణ అమెరికాలో పెరూ దేశంలో టిటికాకా సరస్సు మధ్య టకీలే అనే ద్వీపం ఉంది. అక్కడ టోపీలు అల్లేది మగవాళ్ళు; మగపిల్లలు చిన్నప్పటి నుంచే నేర్చుకొంటారు. ఆ ద్వీపపు నేత, అల్లిక కళను 2005లో యునెస్కో గుర్తించింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బ్రిటన్ డైవింగ్ క్రీడాకారుడు టామ్ డేలీ ప్రేక్షకుల మధ్య కూర్చొని ఊలు అల్లుతూ కనపడ్డాడు. అదే పోటీల్లో అతను బంగారు పతకం, కంచు పతకం గెలిచాడు. పోటీల ఒత్తిడి నుంచి మనసును తేలిక చేసుకోవడానికి అల్లుతానని అతనే చెప్పాడు.

5. మనసుకు ఏం మేలు?

2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ అనే పత్రికలో ఒక సర్వే వచ్చింది. అల్లిక అలవాటున్నవాళ్ళు వివిధ దేశాల నుంచి 3,500 మందికి పైగా అందులో జవాబులిచ్చారు. తరచుగా అల్లేవాళ్ళు తమకు ప్రశాంతంగా, సంతోషంగా ఉంటోందని ఎక్కువగా చెప్పారు. అయితే చదువుకొన్నవాళ్ళం కాబట్టి ఒక ప్రశ్న వేసుకోవాలి. జవాబిచ్చినవాళ్ళంతా అల్లిక ఇష్టమున్నవాళ్ళే. ఇష్టం లేనివాళ్ళు మధ్యలోనే మానేసి ఉంటారు. కాబట్టి అల్లితే దిగులు తగ్గి తీరుతుందని ఈ సర్వేతో రుజువు కాదు. చాలామందికి మేలనిపించింది అని మాత్రం చెప్పవచ్చు.

కారణం ఊహించడం కష్టం కాదు. చెయ్యి ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ చేస్తుంది. కుట్లు లెక్కపెడుతుంటే మనసు అటూ ఇటూ పోదు. తప్పు పడితే దారం లాగితే విడిపోతుంది, మళ్ళీ అల్లుకోవచ్చు, దారం పాడవదు. పరీక్షలో తప్పితే సంవత్సరం పోతుందని భయపడే పిల్లలకు, తప్పును నిమిషంలో సరిదిద్దుకొనే పని ఒకటి చేతిలో ఉండడం మంచిది. సాయంత్రానికి నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ కళ్ళముందు ఉంటుంది. మార్కుల కోసం నెలలు ఎదురుచూసినట్టు చూడనక్కర్లేదు.

మనసు మరీ కుంగిపోయి, నిద్ర పట్టక, తిండి సయించక ఉంటే మాత్రం సూదితో సరిపెట్టుకోకండి. వార్డెన్‌కో, నమ్మకమైన స్నేహితులకో చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

6. మొదటి పాఠం: పెన్నుల సంచి

కావలసినవి: 4 మిల్లీమీటర్ల క్రోషే సూది, లేతరంగు ఊలు ఉండ ఒకటి, కత్తెర, పెద్ద కన్నమున్న మామూలు సూది. ముదురు రంగు ఊలులో కుట్లు సరిగా కనపడవు, కాబట్టి మొదట లేతరంగే తీసుకోండి.

అ) దారం కొసన జారుముడి వేసి, ఆ ఉచ్చును సూదికి తగిలించండి. ముడి బిగుతుగా ఉండకూడదు, సూది మీద సులువుగా జరగాలి.

ఆ) దారాన్ని కొక్కెం మీదుగా చుట్టి, ఉచ్చులోంచి ఇవతలికి లాగండి. ఒక గొలుసు వచ్చింది. ఇలాగే చేస్తూ పోతే జడలాంటి వరుస వస్తుంది. మీ పెన్ను కంటే రెండు వేళ్ళు పొడవుగా వచ్చేదాకా అల్లండి.

ఇ) సూదికి ఆనుకొని ఉన్న మొదటి గొలుసును వదిలేసి రెండో గొలుసులో సూది గుచ్చండి. దారం చుట్టి ఇవతలికి లాగండి. ఇప్పుడు సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్ళీ దారం చుట్టి ఆ రెండింటిలోంచి ఒకేసారి లాగండి. ఒక కుట్టు పూర్తయింది. ఇలా ప్రతి గొలుసులోనూ ఒక్కొక్క కుట్టు వేస్తూ చివరిదాకా వెళ్ళండి.

ఈ) ఆ వరుసలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక గొలుసు అల్లి, పనిని తిప్పి, తరువాతి వరుస మొదలుపెట్టండి. ప్రతి వరుసలోనూ అదే సంఖ్య రావాలి. అంచు లోపలికి పోతోందంటే చివరి కుట్టు వదిలేస్తున్నారని అర్థం.

ఉ) వెడల్పు ఒక జానెడు వచ్చాక దారం తెంపి, కొసను ఉచ్చులోంచి లాగి బిగించండి. గుడ్డను నిలువునా మడిచి, పక్క అంచునూ అడుగునూ మామూలు సూదితో కుట్టేయండి. పైన తెరిచి ఉంచండి. సంచి సిద్ధం.

మొదటి సంచి వంకరగా వస్తుంది. దాన్నీ దాచుకోండి, మూడోదాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

7. లెక్కల మాస్టారికి నచ్చే పాఠం

గుండ్రంగా అల్లాలంటే లెక్క తెలియాలి. రెండు గొలుసులు అల్లి, మొదట వేసిన గొలుసులో 6 కుట్లు వేయండి. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే 12. మూడో చుట్టులో ఒక దానిలో ఒకటి, తరువాతి దానిలో రెండు, ఇలా మార్చి మార్చి వేస్తే 18. నాలుగో చుట్టులో ఒకటి, ఒకటి, రెండు వేస్తే 24. ఐదో చుట్టుకు 30. పదో తరగతి పిల్లలు ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు, ఇది అంకశ్రేఢి. ఐదు చుట్లలో మొత్తం కుట్లు 90. చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి వేరే రంగు దారం ముక్క తగిలించుకోండి.

చుట్టుకు ఆరేసి పెంచితే పని బల్లపరుపుగా వస్తుంది. పెంచడం ఆపితే అంచు పైకి లేచి టోపీ అవుతుంది. మరీ ఎక్కువ పెంచితే కుచ్చులు పడుతుంది. ఈ కుచ్చులతోనే 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమిన్య అనే గణితశాస్త్రవేత్త హైపర్బోలిక్ తలానికి చేతితో తాకి చూడగల నమూనా అల్లారు. యూక్లిడ్ జ్యామితికి లొంగని ఆ ఆకారాన్ని కాగితం మీద విద్యార్థులకు చూపించడం కష్టం. కొక్కెం సూది ఆ పని సులువు చేసింది.

8. కొన్ని జాగ్రత్తలు

మసక వెలుతురులో అల్లవద్దు. అరగంటకొకసారి ఆపి మెడ, మణికట్టు కదిలించండి, దూరంగా ఉన్న చెట్టును చూడండి. వేలు నొప్పి పుడితే ఆ రోజుకు చాలించండి. దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేది చాలావరకు గొర్రె ఉన్ని కాదు, యాక్రిలిక్ దారం. అది వేడికి కరుగుతుంది. వేడి గిన్నెలు దించే గుడ్డ అల్లాలంటే నూలు దారమే వాడాలి. స్టడీ అవర్‌లో అల్లవద్దు, ఆదివారం ఉంది. డబ్బు సరిపోకపోతే నలుగురు కలిసి ఒక ఊలు ఉండ కొనుక్కోండి. అల్లడం మొదలుపెట్టకముందే గుండీ కుట్టడం, మాసిక వేయడం తప్పక నేర్చుకోండి. అవి జీవితమంతా అక్కరకొస్తాయి.

9. ఇంటికి తీసుకువెళ్ళే లెక్క

చివరగా ఒక అభ్యాసం. మీరు అల్లిన సంచికి మొత్తం ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. దాన్ని ఎవరైనా కొంటామంటే ఎంత చెబుతారో ఆలోచించండి. ఆ మొత్తంలోంచి దారం ఖర్చు తీసేసి, గంటలతో భాగించండి. మాటవరసకు, ఒక చిన్న పువ్వు అల్లడానికి 20 నిమిషాలు పట్టి, దానికి 5 రూపాయలు వస్తాయనుకుందాం. గంటకు 15 రూపాయలు. ఎనిమిది గంటలు తలెత్తకుండా అల్లితే 120. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. అసలు అంకెలు మీ చుట్టాల్లో లేసు అల్లేవాళ్ళనో, మిషను కుట్టేవాళ్ళనో, బీడీలు చుట్టేవాళ్ళనో అడిగి రాసుకోండి. వాళ్ళు "ఇంట్లో ఊరికే కూర్చోకుండా ఏదో చేస్తున్నానమ్మా" అంటారు. ఆ మాట విని ఊరుకోవద్దు. గంటలు లెక్కపెట్టి చూపించండి.

మనకు అల్లిక విశ్రాంతి, ఎందుకంటే ఎప్పుడు ఆపాలో మన ఇష్టం. ఆపితే పూట గడవనివాళ్ళకు అది కూలిపని, కూలిపనికి కూలి రేటు ఉండాలి. రేపు మనలో కొందరం ఆఫీసర్లమవుతాం, కొందరం టీచర్లమవుతాం, కొందరం వ్యాపారం చేస్తాం. సంఘాల లెక్కలు చూసే సీట్లో కూర్చున్నప్పుడు, ఇంట్లో అల్లే ఆడవాళ్ళ పేర్లు ఏ పట్టికలో రాయాలన్న ప్రశ్న మన ముందుకు వస్తుంది. అప్పుడు "తీరిక పని" అన్న గడిలో రాయకుండా "కార్మికులు" అన్న గడిలో రాద్దాం.

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు సూదీ ఊలూ వెంట తీసుకెళ్ళండి. అమ్మకు ఏ కుట్టు వచ్చో అడిగి నేర్చుకోండి. మీకు వచ్చింది ఆమెకు చూపించండి. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్లో ఒక బల్ల మీద అందరి పెన్నుల సంచులూ పెడదాం, వంకరవాటితో సహా. ప్రతి సంచి పక్కన ఒక చీటీ: అల్లినవారి పేరు, పట్టిన గంటలు.